పెద్ద కంపెనీ పంపే మార్కుల కాగితం: శంషాబాద్ చుట్టుపక్కల చిన్న సప్లయర్లు తెలుసుకోవాల్సిన సంగతులు

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద కొత్తూరు వైపు వెళ్లే దారి మనలో చాలామందికి బాగా తెలిసిందే. ఇన్ముల్‌నర్వలో ఉన్న జహంగీర్ పీర్ దర్గాకు కుటుంబమంతా కలిసి, డేగ్‌లు సామాను వేసుకుని కందూరికి వెళ్లేది ఆ దారిలోనే. ఇరవై ఏళ్ల కిందట అటూ ఇటూ చేలు కనిపించేవి. ఇప్పుడు షెడ్లు, గోడౌన్లు, కంటైనర్ లారీలు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఈ ప్రాంతం ముఖమే మారిపోయింది. సుమారు 5,500 ఎకరాల ఎయిర్‌పోర్టు, దాని కార్గో టెర్మినల్, విమాన విడిభాగాల యూనిట్లు ఒకవైపు. కొత్తూరు, షాద్‌నగర్ ఫ్యాక్టరీలు ఇంకోవైపు.

ఈ పెద్ద సంస్థలకు సరుకులు, సేవలు అందించేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. చెక్క ప్యాలెట్లు కొట్టేవాళ్లు, అట్టపెట్టెలు చేసేవాళ్లు, స్క్రాప్ ఎత్తేవాళ్లు, క్యాంటీన్‌కు మాంసం, కూరగాయలు వేసేవాళ్లు, యూనిఫాంలు కుట్టేవాళ్లు, స్టాఫ్ క్యాబ్‌లు, లారీలు తిప్పేవాళ్లు. చాలావరకు అబ్బాజాన్ మొదలుపెట్టిన కారోబార్, కొడుకులు నడిపిస్తున్నది. రేటు బాగుండాలి, సరుకు టైముకు చేరాలి. ఇన్నాళ్లూ పర్చేజ్ ఆఫీసు అడిగింది ఈ రెండే.

ఇప్పుడు మూడోది వచ్చింది. ఒక ఎక్సెల్ షీటో, ఆన్‌లైన్ ఫారమో వస్తుంది. ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు వాడారు? డీజిల్ ఎన్ని లీటర్లు? నీళ్లు ఎక్కడివి? చెత్త ఎవరికిచ్చారు, రసీదు ఉందా? పనివాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కట్టారా? పదిహేనేళ్ల పిల్లలెవరైనా పనిలో ఉన్నారా? చివర్లో మార్కులు. దీన్నే సప్లయర్ సస్టెయినబిలిటీ స్కోర్‌కార్డ్ అంటున్నారు. దీన్ని పనికిమాలిన కాగితమని మూలన పడేసినవాళ్లు ఉన్నారు, భయపడి ఎవరో కన్సల్టెంట్‌కు వేలకు వేలు పోసినవాళ్లూ ఉన్నారు. రెండూ అక్కర్లేదు. అసలు ఇది ఏమిటో తెలుసుకుంటే చాలు.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది

ఒక కంపెనీ చేసే కాలుష్యంలో పెద్ద భాగం దాని సొంత గేటు లోపల జరగదు. ముడిసరుకు తయారు చేసినవాడి దగ్గర, మోసుకొచ్చిన లారీలో, పెట్టె చేసిన కార్ఖానాలో జరుగుతుంది. లెక్కలు రాసేవాళ్లు దీన్ని మూడు ముక్కలు చేశారు. సొంత బాయిలర్, సొంత జనరేటర్ పొగ స్కోప్ 1. కొన్న కరెంటు వెనకున్న పొగ స్కోప్ 2. సప్లయర్లు, రవాణా, ఇంకా గొలుసులో ఉన్న అందరిదీ స్కోప్ 3. మొదటి రెండూ కంపెనీ తన బిల్లులు చూసి చెప్పగలదు. మూడోదానికి మిమ్మల్ని అడగాల్సిందే.

2009లో అమెరికా వాల్‌మార్ట్ తన సప్లయర్లకు 15 ప్రశ్నల జాబితా పంపింది. మరుసటి ఏడాది, 2010 మేలో, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తన స్కోర్‌కార్డ్ బయటపెట్టింది. ఈ రెండో పేరు మనకు దూరం కాదు. కొత్తూరు మండలం పెంజర్లలో ఆ కంపెనీ పెద్ద ప్లాంటు 2014 నుంచి ఉంది, 2022లో అక్కడే లిక్విడ్ డిటర్జెంట్ యూనిట్ కూడా మొదలైంది. అంటే ప్లాంటు కన్నా స్కోర్‌కార్డే నాలుగేళ్లు పెద్దది.

ఆ 2010 నాటి కార్డును కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చినవాటిలో చాలా వాటికి అదే నమూనా. ఏడాదిన్నర పాటు సప్లయర్లతోనే కూర్చుని దాన్ని తయారు చేశారు. మొదట సుమారు 400 మంది సప్లయర్లకు ఇచ్చారు. అడిగింది ప్రధానంగా నాలుగు విషయాలు: ఇంధనం-కరెంటు, నీళ్లు, వ్యర్థాలు, గ్రీన్‌హౌస్ వాయువులు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు పెద్దవాళ్లా చిన్నవాళ్లా అని చూడలేదు. పోయిన ఏడాది కన్నా ఈ ఏడాది ఎంత మెరుగయ్యారు అన్నదే చూశారు. ఇంకో మంచి పని కూడా చేశారు: ఈ కార్డును ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చని బహిరంగంగా ఇచ్చేశారు.

ఎయిర్‌పోర్టు వైపు ఇంకో దారిలో వచ్చింది. విమానాశ్రయాల అంతర్జాతీయ సంఘం 2009లో మొదలుపెట్టిన కార్బన్ గుర్తింపు పథకం ఒకటుంది. అందులో మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు లెక్క కట్టడం, రెండోది తగ్గించడం. మూడో మెట్టు ఎక్కాలంటే ఎయిర్‌పోర్టు తన సొంత లెక్క చెబితే చాలదు, తన ఆవరణలో పనిచేసే ఎయిర్‌లైన్స్‌ను, గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్లను, దుకాణాలను, ట్యాక్సీలను కూడా కలుపుకుని రావాలి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఆ మెట్టు దాటి, కార్బన్ న్యూట్రల్ అనే 3+ స్థాయి గుర్తింపు తెచ్చుకున్న విమానాశ్రయం. ఆవరణలో సోలార్ ప్లాంటు కూడా ఉంది. అలాంటి చోట పనిచేసే చిన్న కాంట్రాక్టర్‌ను ‘మీ బండి ఎంత డీజిల్ తాగుతుంది’ అని అడగడం వింతేమీ కాదు.

సెబీ రూల్ అంటారు, ఎంతవరకు నిజం

ఫారం పంపేటప్పుడు కొందరు ఆఫీసర్లు ‘ఇది సెబీ రూల్, నింపకపోతే కుదరదు’ అంటుంటారు. సగం నిజం.

షేర్ మార్కెట్లో ఉన్న టాప్ 1,000 కంపెనీలు పర్యావరణం, కార్మికులు, నీతి నియమాల మీద ఏటా ఒక నివేదిక ఇవ్వాలని సెబీ 2021లో చెప్పింది, 2022-23 నుంచి అది తప్పనిసరి. బీఆర్ఎస్ఆర్ అని పిలుస్తారు. తర్వాత 2023లో, టాప్ 250 కంపెనీలు తమ సప్లయర్ల వివరాలు కూడా ఇవ్వాలన్నారు. దాని మీద కంపెనీలు మొత్తుకోవడంతో 2025 మార్చిలో సడలింపు వచ్చింది. ఇప్పుడు కంపెనీ మొత్తం కొనుగోళ్లలో ఒక్కడిగా 2 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్న సప్లయర్ సంగతే అందులోకి వస్తుంది. అదీ 2025-26 నుంచి, స్వచ్ఛందంగా.

వేల కోట్ల కొనుగోళ్లున్న కంపెనీలో 2 శాతం అంటే ఎంతో లెక్కేసుకోండి. మామిడిపల్లిలో ప్యాలెట్లు చేసే షెడ్డు ఆ గీత దరిదాపుల్లోకి కూడా రాదు. కాబట్టి చట్టం మిమ్మల్ని అడగడం లేదు, కస్టమర్ అడుగుతున్నాడు. తేడా ఉంది. చట్టమైతే వాదన ఉండదు. కస్టమర్ అయితే ‘సార్, ఇందులో మాకు వర్తించేవి ఏవి, వర్తించనివి ఏవి?’ అని మర్యాదగా అడగొచ్చు. అడగాలి కూడా. రెండొందల ప్రశ్నల ఫారంలో చిన్న యూనిట్‌కు నిజంగా పనికొచ్చేవి ముప్పై నలభై ఉండొచ్చు.

అదే నివేదికలో మనకు కలిసొచ్చే అంశమూ ఒకటుంది. చిన్న, సూక్ష్మ పరిశ్రమల నుంచి ఎంత శాతం సరుకు కొన్నారో కంపెనీ చెప్పుకోవాలి. అంటే మీ దగ్గర కొనడం వాళ్లకు లెక్కలో మంచి మార్కే. కానీ మీరు చిన్న పరిశ్రమ అని రుజువు కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్, ఏజెంట్ కనిపిస్తే పక్కకు తప్పుకోండి.

మార్కులు ఎలా పడతాయి

ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్ని సొంత ఫారం పంపుతాయి. కొన్ని ఎకోవాడిస్ లాంటి బయటి సంస్థ రేటింగ్ తెమ్మంటాయి. 2007లో పారిస్‌లో మొదలైన ఈ సంస్థ పర్యావరణం, కార్మికులు-మానవ హక్కులు, నీతి నియమాలు, మీ సొంత కొనుగోళ్లు అనే నాలుగు తలాల మీద 100కి మార్కులిస్తుంది. ఫీజు రేటింగ్ తీసుకునే సప్లయరే కట్టాలి. మనకు గట్టిగా గుర్తుండాల్సింది, అక్కడ నోటి మాట చెల్లదు. కాగితం లేకపోతే మార్కు లేదు. మీరు పనివాళ్లను ఇంటి మనుషుల్లా చూసుకుంటూ ఉండొచ్చు, రంజాన్‌లో ఇఫ్తార్ మీరే పెడుతుండొచ్చు, ఎవరి ఇంట్లో పెళ్లయినా సాయం చేస్తుండొచ్చు. జీతాల రిజిస్టర్ లేకపోతే స్కోర్‌కార్డ్ దృష్టిలో మీరు సున్నా. ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కొంతవరకు అన్యాయమే. కానీ వెయ్యి మైళ్ల దూరం నుంచి చూసేవాడికి కాగితం తప్ప ఇంకేం కనిపిస్తుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఊహించుకున్న యూనిట్టే, లెక్క మాత్రం నిజమైన పద్ధతి.

14 మంది పనిచేసే ప్యాలెట్ల షెడ్డు. నెలకు 3,000 ప్యాలెట్లు. కరెంటు 1,800 యూనిట్లు, డీజిల్ 300 లీటర్లు. మన దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.68 కిలోలు. కరెంటుది 1,296 కిలోలు, డీజిల్‌ది 804 కిలోలు, మొత్తం 2,100. ఒక్కో ప్యాలెట్‌కు 0.70 కిలోలు.

మరుసటి ఏడాది ఆర్డర్లు పెరిగి నెలకు 4,000 ప్యాలెట్లు అయ్యాయి. కరెంటు 2,200 యూనిట్లు, డీజిల్ 360 లీటర్లు. మొత్తం సుమారు 2,549 కిలోలు. మొత్తం చూస్తే పెరిగింది. కానీ ఒక్కో ప్యాలెట్‌కు చూస్తే 0.64కు తగ్గింది, అంటే దాదాపు 9 శాతం మెరుగు. ఫారంలో ఉత్పత్తి ఎంతో రాయకుండా కరెంటు, డీజిల్ మాత్రమే రాసి పంపితే, మీరు చెడగొట్టినట్టు లెక్క వస్తుంది. కష్టపడి ఆర్డర్లు పెంచుకున్నందుకు మార్కులు పోతాయి! అందుకే ఉత్పత్తి గడి ఖాళీగా వదలొద్దు. ఆ గడి ఫారంలో లేకపోతే వేరే కాగితం మీద రాసి జతచేయండి.

ఈ ‘పోయిన ఏడాది కన్నా మెరుగు’ పద్ధతిలో ఒక లోపం ఉంది, ఇది నేను ఎప్పుడూ చెప్పేదే. మొదటి నుంచీ పొదుపుగా ఉన్నవాడికి తగ్గించడానికి ఏమీ మిగలదు. పాత చెక్కను మళ్లీ వాడి, ఒక్క ఏసీ లేకుండా, రెండు ట్యూబ్‌లైట్లతో పనిచేసే కార్ఖానా ఏం తగ్గిస్తుంది? దుబారా చేసినవాడు పది ఏసీల్లో రెండు ఆపితే మంచి మార్కులు కొట్టేస్తాడు. మీది మొదటి రకమైతే ఆ మాట కామెంట్ల గడిలో అంకెలతో రాయండి: ఎన్ని పాత ప్యాలెట్లు రిపేర్ చేసి తిరిగి ఇచ్చారు, ఎంత చెక్క ఆదా అయింది. స్క్రాప్ పనిలో ఉన్నవాళ్లకైతే ఇదే పెద్ద బలం. ఏళ్ల తరబడి జనం చిన్నచూపు చూసిన కబాడీ పనికి ఇప్పుడు రీసైక్లింగ్ అని పేరొచ్చింది. తూకం చీటీ, ఎవరికి అమ్మారో రసీదు దాచుకుంటే అది మార్కుల్లోకి మారుతుంది. కాకపోతే బ్యాటరీలు, పాత ఎలక్ట్రానిక్స్, కెమికల్ డ్రమ్ముల సంగతి వేరు. వాటికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, మామూలు స్క్రాప్‌లో కలిపి ఎత్తితే మీతో పాటు మీకు ఇచ్చిన కంపెనీ కూడా ఇరుక్కుంటుంది.

తప్పితే ఆర్డర్ పోయే ప్రశ్నలు

కరెంటు, నీళ్ల ప్రశ్నల్లో మార్కులు తగ్గితే తగ్గుతాయి. కొన్ని ప్రశ్నల్లో మార్కులుండవు, నేరుగా తలుపు మూసేస్తారు. పిల్లల పని, బలవంతపు పని, నిప్పు ప్రమాదం, లంచం.

పిల్లల విషయంలో చట్టం ఇది: 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016లో చట్టాన్ని సవరించాక ఇది మరింత కట్టుదిట్టమైంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చిన సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు. ఆ మచ్చ ఇంకా పోలేదు. ‘మా అన్న కొడుకే, సెలవుల్లో పని నేర్చుకుంటున్నాడు’ అన్న మాట ఆడిట్‌కు వచ్చినవాడి ముందు నిలబడదు. కటింగ్ మెషీన్ దగ్గర పదిహేనేళ్ల కుర్రాడు కనిపిస్తే మిగతా 95 మార్కులూ వృథా. ఆడిట్ సంగతి పక్కన పెడదాం, ఆ కుర్రాడు ఉండాల్సింది బడిలో.

ఈఎస్ఐ 10 మంది, పీఎఫ్ 20 మంది ఉంటే వర్తిస్తాయి. పైన చెప్పిన 14 మంది షెడ్డుకు ఈఎస్ఐ ఉండాలి. నెలకు 21,000 లోపు జీతమున్న మనిషికి యజమాని 3.25 శాతం, మనిషి 0.75 శాతం కడతారు. 15,000 జీతానికి యజమాని వాటా 487 రూపాయల 50 పైసలు. దీన్ని ఎగ్గొట్టడానికి తొమ్మిది మందినే రికార్డులో చూపించేవాళ్లు ఉన్నారు. గేటు రిజిస్టర్‌లో 14 పేర్లు, జీతాల రిజిస్టర్‌లో 9 పేర్లు ఉంటే ఆడిటర్ పది నిమిషాల్లో పట్టేస్తాడు. ఒక మనిషికి చెయ్యి తెగిన రోజు ఆ 487 రూపాయల విలువ తెలుస్తుంది.

ఫారంలో అబద్ధం రాయడం గురించి ఒక్క మాట. దివ్య ఖురాన్‌లో తూకంలో మోసం చేసేవాళ్ల గురించి ముతఫ్ఫిఫీన్ అని ఏకంగా ఒక సూరానే ఉంది. తరాజులో రాయి తక్కువ పెట్టడం, ఫారంలో అంకె తక్కువ వేయడం వేరువేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. లెక్క తెలియకపోతే ‘ఇంకా లెక్క మొదలుపెట్టలేదు, ఫలానా నెల నుంచి రాస్తాం’ అని రాయండి. దానికి మార్కులు తక్కువే రావచ్చు. అబద్ధం దొరికితే మాత్రం సప్లయర్ల జాబితాలోంచే పేరు పోతుంది.

నీళ్ల ప్రశ్న ఇక్కడ ఎందుకు గట్టిగా అడుగుతారు

శంషాబాద్ మండలం హిమాయత్‌సాగర్ పరీవాహకంలో ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాల్లో అదొకటి. వాటిని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది, శంషాబాద్ గ్రామాలూ అందులో ఉన్నాయి. ఆ జీవో చుట్టూ రాజకీయం వేరే కథ. కానీ బోరు నీళ్లు వాడి రంగు నీళ్లు, నూనె నీళ్లు మోరీలో వదిలే యూనిట్‌కు ఇక్కడ ఎవరూ మంచి మార్కులు ఇవ్వరు. మీ పని కాలుష్య నియంత్రణ మండలి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ రంగుల్లో ఏ కోవలోకి వస్తుందో ముందు తెలుసుకోండి. వైట్ అయితే అనుమతి అక్కర్లేదు, సమాచారమిస్తే చాలు. మిగతావాటికి అనుమతి కాగితం ఉండాల్సిందే, స్కోర్‌కార్డ్‌లో మొట్టమొదట అడిగేది కూడా అదే.

వాళ్లకు మార్కులు ఎవరేస్తారు

ఇది నా సొంత గోడు అనుకోండి. సప్లయర్‌కు సస్టెయినబిలిటీ మార్కులు వేసే కంపెనీల్లో కొన్ని బిల్లు మాత్రం 90 రోజులకు, 120 రోజులకు ఇస్తాయి. డబ్బు రాకపోతే పనివాడికి జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలి, ఎల్ఈడీ బల్బులు ఎక్కడి నుంచి కొనాలి?

చట్టం మీ వైపే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఇంకో కొక్కెం కూడా పెట్టారు: సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా కట్టని డబ్బును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కంపెనీకి వీల్లేదు. అకౌంట్స్ వాళ్లకు వడ్డీ కన్నా దీని భయమే ఎక్కువ. ఫిర్యాదుకు 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది. అయితే ఈ రక్షణ తయారీ, సేవల వాళ్లకే. కొని అమ్మే ట్రేడర్లకు ఉద్యమ్ నంబర్ ఉన్నా ఆలస్య చెల్లింపు సెక్షన్ వర్తించదు. మన దగ్గర చాలామంది ట్రేడింగ్ అని రిజిస్టర్ చేసుకుని తర్వాత చింతిస్తున్నారు. మీరు నిజంగా తయారీ చేస్తుంటే ఆ వివరం సరిచేయించుకోండి.

ఫిర్యాదు చేస్తే ఆర్డర్ పోతుందేమోనన్న భయం ఉంటుంది, అది తప్పు భయమని చెప్పను. కాబట్టి ముందు స్కోర్‌కార్డ్ తిరిగి పంపేటప్పుడే, అదే మెయిల్‌లో, మీ ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి పెండింగ్ బిల్లుల జాబితా పెట్టండి. సస్టెయినబిలిటీ చూసే డిపార్ట్‌మెంటు, అకౌంట్స్ డిపార్ట్‌మెంటు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అలా ఒకే మెయిల్‌లో పెడితే కనీసం ఇద్దరి కళ్లా పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

కన్సల్టెంట్‌ను పిలవకముందు ఇంట్లో చూడండి. బీకామో ఎంబీఏనో చదువుతున్న అమ్మాయి, అబ్బాయి ఉంటారు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ చీటీలు, నీళ్ల ట్యాంకర్ రసీదులు ఒక ఫైల్‌లో పెట్టమని వాళ్లకే ఒప్పజెప్పండి. పైన వేసిన లెక్క వాళ్లు గంటలో వేసేస్తారు. ఎకోవాడిస్ లాంటివాటికి ఫీజు కట్టేముందు, కస్టమర్‌కు అదే కావాలా, వాళ్ల సొంత ఫారం చాలా అని రాతపూర్వకంగా అడగండి.

కేంద్ర ప్రభుత్వ ‘జెడ్’ సర్టిఫికెట్ కూడా ఒకటుంది, 2022 నుంచి కొత్త రూపంలో నడుస్తోంది. బ్రాంజ్ స్థాయి ఫీజు 10,000, సూక్ష్మ యూనిట్‌కు అందులో 80 శాతం సబ్సిడీ. మహిళలు యజమానులైన యూనిట్లకు పూర్తిగా ఉచితం. టైలరింగ్, ప్యాకింగ్ నడుపుతున్న మన ఆడవాళ్లు దీన్ని వాడుకోవాలి. నిజంగా నడుపుతున్నవాళ్లు అంటున్నాను, కాగితం మీద బేగం పేరు పెట్టి మియా నడిపేవాటి గురించి కాదు.

మార్కులు తక్కువొస్తే వెంటనే ఆర్డర్ తీసేయరు, మామూలుగా సరిదిద్దుకోవడానికి గడువిస్తారు. ఏ లోపం, ఎప్పటిలోగా, ఎవరు చేస్తారు అని మూడు గడుల కాగితం అడుగుతారు. అందులో చేయగలిగినవే రాయండి. మంటలార్పే సిలిండర్ ఈ నెలలో, ఈఎస్ఐ రిజిస్ట్రేషన్ వచ్చే నెలలో, షెడ్డు మీద సోలార్ మాత్రం డబ్బు చూసుకున్నాక. పంపిన ప్రతి ఫారం కాపీ దాచుకోండి. వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ ఫారం వస్తుంది, అప్పుడు పోయిన ఏడాది ఏ అంకె రాశారో మీకు గుర్తుండదు, వాళ్ల కంప్యూటర్‌కు మాత్రం గుర్తుంటుంది.